సర్టిఫికెట్ చేతికి, పని గాలికి: శిక్షకులకు, యజమానులకు కొన్ని చిట్కాలు

దేశానికి పనిమంతులు కావాలని ప్రభుత్వాలు పాపం చాలా కష్టపడ్డాయి. 1961లో అప్రెంటిస్ చట్టం చేశాయి. 2015లో ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన తెచ్చాయి. ఇన్ని తలుపులు తెరిచిపెట్టినా కొందరు అమాయకులు ఇంకా నిజంగానే పని నేర్పుతూ కూర్చున్నారు. ఈ చిట్కాలు వాళ్లకోసమే.

1. శిక్షణ కేంద్రం తనిఖీకి ముందురోజు డ్రిల్లింగ్ మిషను, వెల్డింగ్ సెట్టు అద్దెకు తెచ్చి వరసగా పేర్చండి. ప్లాస్టిక్ కవరు తీయకండి. కొత్త సరుకని అధికారి మెచ్చుకుంటాడు. ఫొటోలు అయ్యాక ఆటో ఎక్కించేయండి.

2. ఆకురాయిని దగ్గరికి రానివ్వకండి. ఫిట్టర్ నేర్పే పాత మేస్టార్లకు ఒక పిచ్చి ఉంది. కొత్త కుర్రాడి చేత వైసులో ఇనుప ముక్క బిగించి ఆకురాయితో అరగదీయిస్తారు. మూలమట్టం ఆనించి వెలుతురుకెత్తి చూస్తారు. సందులోంచి సన్నగా వెలుగు గీత కనబడిందా, మళ్లీ అరగదీయమంటారు. అరచేతులు బొబ్బలెక్కుతాయి, చివరికి కుర్రాడికి పని వచ్చేస్తుంది. పని వచ్చినవాడు జీతం అడుగుతాడు. ఎందుకొచ్చిన గొడవ? ఆకురాయి బొమ్మను తెరమీద చూపించి, మిగిలిన గంటలన్నీ ఇంటర్వ్యూలో ఎలా నవ్వాలో నేర్పండి. ఐటీఐలో ఇదే ఫిట్టర్ కోర్సుకు రెండేళ్లు తగలేస్తారు. వాళ్ల ఖర్మ.

3. అభ్యర్థి బ్యాంకు ఖాతా నంబరు రాయడానికి బద్ధకంగా ఉంటే వరసగా ఒకట్లు కొట్టండి. ఇది నా సొంత తెలివి కాదు. 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదికలో, కౌశల్ వికాస్ రికార్డుల్లో దొరికిన ఇలాంటి నంబర్ల ప్రస్తావన ఉంది. ఒకే ఫొటో వేర్వేరు పేర్లకు అతికించిన సంగతీ అందులోనే ఉంది. ఆ నివేదిక చూసి తలలు పట్టుకునేవాళ్లు పట్టుకోనీ, మీరు గైడులా చదువుకోండి.

4. ఇక ఫ్యాక్టరీ యజమానులు. ముప్పై మంది, ఆపైన పనిచేసే చోట అప్రెంటిస్‌లను తప్పక పెట్టుకోవాలి, మొత్తం సిబ్బందిలో కనీసం 2.5 శాతం. కాబట్టి కంపెనీని ముక్కలు చేయండి. మీ పేరున ఇరవై తొమ్మిది మంది, మీ ఆవిడ పేరున ఇరవై తొమ్మిది మంది, మిగిలితే బావమరిది ఉండనే ఉన్నాడు.

5. అయినా ఒక కుర్రాడు వచ్చి పడితే లేతు దగ్గరికి పోనివ్వకండి. టీలు, పార్సిళ్లు, మీ పిల్లవాడి స్కూలు ఫీజు క్యూ... పనికేం కొదవ? జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండులో 25 శాతం, నెలకు 1,500 రూపాయల దాకా కేంద్రమే భరిస్తుంది. టీకి సబ్సిడీ ఇంకే దేశంలో దొరుకుతుంది? ఎవరైనా నిలదీస్తే, “నేర్పితే పక్క షెడ్డువాడు ఎగరేసుకుపోతాడండీ” అనండి. పక్క షెడ్డువాడూ ఇదే మాట మీ గురించి చెబుతుంటాడు కాబట్టి సాక్ష్యానికి లోటుండదు.

జర్మనీ సంగతి ఎత్తేవాళ్లను మాత్రం గేటు దాటనివ్వకండి. అక్కడ కుర్రాళ్లు కొంతకాలం ఫ్యాక్టరీలో, కొంతకాలం బడిలో, రెండు నుంచి మూడున్నరేళ్లు నేర్చుకుంటారు. దానికి 1969లోనే ఒక చట్టం. పైగా ఆఖరి పరీక్ష పెట్టేది నేర్పిన యజమాని కాదు, పరిశ్రమల ఛాంబరు. పరాయివాళ్లు పరీక్ష పెడితే మన పరువేం కాను!

6. పరిశోధన అంటారా, అదొక బోర్డు. ఆదాయపు పన్ను 35(2ఏబీ) సెక్షన్ కింద, గుర్తింపు పొందిన సొంత పరిశోధనకు 2017 మార్చి దాకా రూపాయి పెడితే రెండు రూపాయల మినహాయింపు వచ్చేది. 2020 ఏప్రిల్ నుంచి రూపాయికి రూపాయే. ఆ గదిలో ఇక అట్టపెట్టెలు వేసుకోండి. బోర్డు మాత్రం దించకండి, పెళ్లిసంబంధాల వేళ పనికొస్తుంది.

7. ఏదో ఒకరోజు మీ ఇంట్లోనే కరెంటు పోతుంది. కబురు పెడితే వచ్చిన ఎలక్ట్రీషియన్ మీ కేంద్రం ఇచ్చిన సర్టిఫికెట్టే తీసి చూపిస్తాడు, లామినేషన్ చేయించుకుని మరీ. భుజం తట్టి లోపలికి పంపండి. అతను మెయిన్ స్విచ్ వేసేటప్పుడు మాత్రం పిల్లల్ని తీసుకుని వీధిలోకి వచ్చేయండి.