రిటెయిన్డ్ ఎర్నింగ్స్ పాదమునకు హౌరా టీక

అవతారిక

రైల్వేను నమ్ముకొని కొందరును, జూటు మిల్లులను నమ్ముకొని కొందరును తెలుగు సీమ విడిచి హుగ్లీ యొడ్డున స్థిరపడగా, వారి మనుమలు నేడు హౌరా వంతెన దాటి కలకత్తాలో కొలువు చేయుచు, నెల చివర మిగిలిన సొమ్ముతో షేర్లు కొనుట నేర్చినారు. గ్రాండు హోటలును నడుపు ఈ.ఐ.హెచ్. గాని, 2025 జనవరి 1 నుండి మాతృసంస్థను వీడి వేరుపడిన ఐ.టి.సి. హోటల్సు గాని కలకత్తా గడ్డతో ముడిపడినవే గనుక, ఇంటి యెదుటి హోటలులో భాగస్వాములమన్న మురిపెము వారికి సహజము. పూర్వము వార్షిక సభకు పోయిన షేరుదారునకు మిఠాయి పొట్లమైనను దక్కెడిది. సభలలో కానుకలు కూడవని కంపెనీ సెక్రటరీల ప్రమాణము 2015లో శాసించినది మొదలు, నివేదికను చదువుట యొక్కటియే మిగిలిన ఫలము. ఆ పఠనమున దొరలుచున్న అపార్థములను జూచి ఈ టీక రచింపబడుచున్నది.

మూలము

ఇతర ఈక్విటీ : రిటెయిన్డ్ ఎర్నింగ్స్ : ఇన్ని కోట్ల రూపాయలు.

ఛందస్సు

యతి లేదు, ప్రాస లేదు. ఆస్తులు ఒక ప్రక్కను, అప్పులును మూలధనమును వేరొక ప్రక్కను సరితూగవలెననుటయే ఇందలి ఏకైక నియమము. దానికి భంగము కలిగిన యెడల ఆక్షేపించువాడు లాక్షణికుడు కాడు, ఆడిటరు.

తాత్పర్యము

తాత్పర్యము చదివి పుస్తకము మూయువారే పెక్కురు గనుక, ఒకప్పటి షేరు బజారు వీధియగు లయన్సు రేంజిలో ప్రచారమందున్న తాత్పర్యమును ముందుగానే యిచ్చుచున్నాము: “కంపెనీ యొద్ద ఇన్ని కోట్లున్నవి.” ఇది తప్పు. ఇక టీక.

టీక

రిటెయిన్డ్ ఎర్నింగ్స్ అనగా, కంపెనీ పుట్టిన నాటినుండి ఆర్జించిన లాభములలో డివిడెండుగా పంచినది పోగా, నష్టములు వచ్చిన యేండ్ల కోత పోగా, ఇతర నిధులకు తరలించినది పోగా, సిబ్బంది గ్రాట్యుటీ అంచనాలలో కలిగిన హెచ్చుతగ్గులు సైతము తరచు ఇందే సర్దుబాటు కాగా, మిగిలినట్లు కాగితముపై నిలుచు మొత్తము. గాదెలోని ధాన్యమును కొలిచినట్లు దీనిని కొలువరాదు. ఆ లాభము ఏనాడో భూమిగా, గోడలుగా, లిఫ్టులుగా, ఏ.సి. యంత్రములుగా రూపాంతరమును పొందియుండును. నగదు ఎంతయో తెలియగోరువారు ఎదుటి ప్రక్కనున్న బ్యాంకు నిల్వల పాదమును చదువుకొనవలెను. అంతియేకాక పాత కంపెనీలలో ఈ పాదము కొంత దాపరికము గలది: 1956 నాటి కంపెనీల చట్టము అమలులో నున్నప్పుడు, ఒక హద్దు మించి డివిడెండు పంచదలచిన సంస్థ లాభములలో కొంత జనరల్ రిజర్వునకు తరలించి తీరవలసి యుండుటచేత, తాతల నాటి సంపాదన ఆ వేరు పాదమున నిద్రించుచుండును. 2013 చట్టము ఆ నిర్బంధమును తొలగించినది కాని, నిద్రించుచున్నదానిని లేపలేదు.

శంక : హోటలు భూమి ధర పదింతలైనను ఈ పాదమున అది కానరాదేమి?

సమాధానము : కొన్నిచోట్ల కానవచ్చును, చిక్కంతయు అక్కడనే యున్నది. భూమిని కొన్న ధరకే వ్రాసియుంచుట సామాన్య ధర్మము. అయితే పెద్ద కంపెనీలు 2015 ఏప్రిల్ 1ని సంధిదినముగా గైకొని ఇండ్ ఏ.ఎస్. అను నూతన గణన పద్ధతిలోనికి మారినప్పుడు, వానికి రెండు త్రోవలు చూపబడెను. పాత పుస్తకపు విలువలనే కొనసాగించుట యొకటి. ఆనాటి బజారు విలువను కట్టి దానినే మూల ధరగా భావించుట రెండవది. రెండవ త్రోవను పట్టినవారికి కలిగిన హెచ్చింపు లాభనష్టముల పట్టికను తాకకయే తిన్నగా రిటెయిన్డ్ ఎర్నింగ్స్‌లో వచ్చి కూర్చుండెను. ఒక్క గదిని అద్దెకీయకయే, ఒక్క పూట భోజనము వడ్డింపకయే లాభపు పాదము పెరిగెనన్నమాట! అట్టి సొమ్ము డివిడెండునకు పనికిరాదు. చేతికి రాని లాభములను, ఊహాలాభములను, ఆస్తుల పునర్మూల్యాంకనమును లెక్కనుండి తొలగింపవలెనని కంపెనీల చట్టపు 123వ సెక్షను స్పష్టముగా విధించుచున్నది. కావున ఒకే వీధిలో ఎదురెదురుగా నున్న రెండు హోటలు కంపెనీలలో ఒకటి మొదటి త్రోవను, వేరొకటి రెండవ త్రోవను త్రొక్కినచో, వాని పాదములను ప్రక్క ప్రక్కను నిలిపి పెద్దది గొప్పదనువాడు వ్యాకరణము తెలియక సంధి విడదీయువాని వంటివాడు.

శంక : పాదము ఋణాంకమైన యెడల కంపెనీ నశించినట్లేనా?

సమాధానము : తొందరపడరాదు. 2013 కంపెనీల చట్టపు రెండవ షెడ్యూలు కాంక్రీటు భవనమునకు 60 ఏండ్లును, హోటలు కుర్చీలకు, మంచములకు 8 ఏండ్లును ఆయుర్దాయముగా నిర్ణయించి, ఏటేట తరుగును లాభమునుండి కోయించును. భూమికి మాత్రము తరుగు లేదు. ఈ తరుగు కేవలము మాయయని వాదించు నిపుణులున్నారు గాని, తివాసులు చినిగిన గదిలో ఒక రాత్రి పరుండిన అతిథి వారితో ఏకీభవింపడు. గోడల తరుగును శంకింపవచ్చును. స్నానపు గదుల తరుగును శంకింపరాదు. ఇక అమెరికాలో హోస్టు హోటల్సు వంటి రియల్ ఎస్టేటు ట్రస్టులు పన్ను వేయదగిన ఆదాయములో 90 శాతమునకు తగ్గకుండ పంచవలెనన్న నియమమునకు లోబడినవి. పైన చెప్పిన తరుగు లాభమును తినుచుండగా, పంపకము లాభమును మించి, వారి పాదము ఋణాంకమగుట వింత కాదు.

నష్టములు పోగుపడినంతమాత్రమున సర్వము నశింపదనుటకు మన యెదుటి యొడ్డునే ఉదాహరణమున్నది. డేవిడ్ విల్సను 1840 ప్రాంతమున స్థాపించిన గ్రేట్ ఈస్టర్ను హోటలు, 1970ల నడుమ రాష్ట్ర ప్రభుత్వము చేతికి వచ్చి, నష్టములను మోసి మోసి, తుదకు 2005లో భారత్ హోటల్సునకు అమ్ముడుపోయెను. మరమ్మతుల పిమ్మట 2013లో గాని తలుపులు తెరువలేదు. పోగుపడిన నష్టములను చదివినవానికి అది శవము. రాజభవనమునకు కూతవేటు దూరమున ఓల్డ్ కోర్ట్ హౌస్ వీధిలో అది నిలిచిన చోటును చదివినవాడు కొన్నాడు. గడచిన యేలుబడి సమర్థతను ఈ పాదము చెప్పును. నేల విలువను చెప్పదు.

పాఠాంతరములు

ఈ మూలమునకు రెండు పాఠములు ఒకే గ్రంథమున అచ్చగుచున్నవి. కంపెనీ యొక్కదాని లెక్కయగు స్టాండలోన్ పాఠమొకటి. అనుబంధ సంస్థల లాభములను, భాగస్వామ్య హోటళ్ళలోని వాటాను గూడ కలుపుకొను కన్సాలిడేటెడ్ పాఠము వేరొకటి. రెండవదానిలోని లాభములు పిల్ల కంపెనీలు పంపినగాని తల్లి చేతికి రావు. డివిడెండును ప్రకటించునప్పుడు డైరెక్టర్లు చదువునది మొదటి పాఠము. పత్రికా విలేఖరులకు చదివి వినిపించునది, సాధారణముగా ఏది పెద్దదైన అది.