గాలికీ గేటు పాసు

లండన్ వాళ్లను తలచుకుంటే జాలేస్తుంది. జాతీయ రేడియో అని ఒకటి పెట్టుకుని, పాటలు మానేసి పొద్దస్తమానం మాట్లాడుకుంటూ కూర్చుంటారు. 1967 సెప్టెంబర్ 30న మొదలైన ఆ బీబీసీ రేడియో 4 దినచర్య ఒక్కరోజు వింటే మన సమాచార ప్రసార శాఖకు కునుకు పట్టదు. మన నిబంధన ఎంత హాయిగా ఉందో చూడండి: ప్రైవేటు ఎఫ్ఎం సొంతంగా వార్తలు చెప్పకూడదు. కావాలంటే ఆకాశవాణి బులెటిన్‌ను అక్షరం మార్చకుండా వినిపించుకోవచ్చు. ఈ కొలబద్దతో లండన్ వాళ్ల రోజును ఒకసారి కొలుద్దాం.

తెల్లారకముందే అక్కడ షిప్పింగ్ ఫోర్‌కాస్ట్. బ్రిటన్ చుట్టూ ఉన్న సముద్రాన్ని 31 భాగాలు చేసి, ఎక్కడ గాలి ఎటు, వాన ఉందా, చూపు ఎంతదూరం ఆనుతుంది అన్నది మూడున్నర వందల మాటల్లో తేల్చేస్తారు. వైకింగ్, డాగర్, ఫిషర్, జర్మన్ బైట్ అంటూ నామావళి చదివినట్టు చదువుతారు. చదివే మనిషి గొంతు పెంచరు, ఊగరు, తడవరు. ఇదీ ఒక వాతావరణమేనా? మన టీవీలో తుపాను వస్తే, తిరగబడ్డ గొడుగుతో మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డ కుర్రాడు స్టూడియో వాళ్లు అడిగినప్పుడల్లా "గాలి బలంగా వీస్తోంది" అని అరుస్తాడు. గంటసేపు చూసినా పడవ దింపాలో వద్దో బాపట్ల జాలరికి తెలియదు. అయినా చూడ్డానికి ఎంత బావుంటుంది!

ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా 'టుడే' అనే వార్తా కార్యక్రమం. మంత్రిని పిలిచి ప్రశ్న అడుగుతారు. ఆయన దాటవేస్తే మళ్లీ అదే అడుగుతారు. ఇంటికొచ్చిన పెద్దమనిషితో ప్రవర్తించే తీరేనా ఇది? మన రేడియోలో ఆ అమర్యాద లేదు. 2014 అక్టోబర్ 3న మొదలైన 'మన్ కీ బాత్'లో ప్రధానే మాట్లాడతారు, మనం వింటాం. మధ్యలో అడ్డొచ్చి అడిగేవాడు ఉండడు కాబట్టి జవాబు దాటవేయాల్సిన ఇబ్బందీ ఉండదు.

అలాగని మన ఎఫ్ఎంల నోరు పూర్తిగా నొక్కారంటే పాపం తగులుతుంది. 2011 నాటి ఎఫ్ఎం లైసెన్సుల మూడో దశ విధానంలో వాళ్లు చెప్పుకోదగ్గవాటి జాబితా ఉంది: ట్రాఫిక్, వాతావరణం, పరీక్షలు, ఫలితాలు, అడ్మిషన్లు, స్థానిక యంత్రాంగం ఇచ్చే కరెంటు, నీళ్ల ప్రకటనలు. కాబట్టి పంజాగుట్టలో వాహనాలు ఆగాయని చెప్పొచ్చు. ఎవరి కాన్వాయ్ కోసం ఆపారో చెబితే అది వార్త. పరీక్ష తేదీ చెప్పొచ్చు. పేపరు లీకైందంటే వార్త. రేపు కుళాయి రాదని చెప్పొచ్చు. మూడు నెలలుగా ఎందుకు రావట్లేదంటే వార్త. ఏ జర్నలిజం కాలేజీ ఇంత సులువుగా పాఠం చెప్పగలదు?

పదింటికి 'ఉమన్స్ అవర్'. 1946 నుంచి నడుస్తోంది. ఆడవాళ్లు రాజకీయాల దగ్గర నుంచి రోగాల దాకా అన్నీ మాట్లాడేస్తారు. మనకూ ఉంది: జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో 2008లో మొదలైన సంగం రేడియో. దళిత మహిళా రైతులు తమ యాసలో, తమ విత్తనాల గురించి, తమ పాటలతో నడుపుకునే స్టేషన్. కమ్యూనిటీ రేడియోకీ అదే కట్టుబాటు. జొన్న విత్తనం ఎలా దాచుకోవాలో అక్కడి రైతమ్మ చెప్పొచ్చు. నకిలీ విత్తనం అమ్మినవాడి మీద మండలాఫీసు ముందు జరిగిన ధర్నా కబురు మాత్రం చెప్పకూడదు.

సాయంత్రం నవ్వుల వేళలో 'జస్ట్ ఎ మినిట్' వస్తుంటుంది. తడబడకుండా, చెప్పిందే చెప్పకుండా, దారి తప్పకుండా నిమిషంసేపు మాట్లాడాలి. ఆ ఆటను మన టీవీ చర్చల్లో పెడితే మొదటి పది సెకన్లలో స్టూడియో ఖాళీ. రాత్రి పార్లమెంటు ముచ్చట్లు, మళ్లీ ఒకసారి సముద్రం కబురు, ఆపైన జాతీయ గీతం. అదీ వాళ్ల రోజు.

వాళ్లూ శుద్ధపూసలేం కాదు. రేడియో 4 అంటే లండన్ చుట్టుపక్కల కడుపు నిండిన మధ్యతరగతి కాలక్షేపమని వాళ్లవాళ్లే ఎప్పట్నుంచో ఎత్తిపొడుస్తున్నారు. విశేషమేమిటంటే, ఆ ఎత్తిపొడుపునూ రేడియోలోనే వినొచ్చు.

మనం మాత్రం దొరల నుంచి మైకు బదులు తాళం తీసుకున్నాం. రేడియో ఇంకా పుట్టకముందే, 1885లో వాళ్లు రాసిన టెలిగ్రాఫ్ చట్టంతో గాలిని దశాబ్దాలపాటు బీరువాలో పెట్టుకున్నాం. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆస్తి ప్రజలదే, ఎవరు కాదన్నారు? తాళంచెవి మాత్రం ఢిల్లీలో భద్రంగా ఉంది. ప్రైవేటు ఎఫ్ఎంలను గంటకు పది నిమిషాలు వార్తలు చెప్పనివ్వండని 2023లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫార్సు చేసింది. రోజంతా అరిచే టీవీకి లెక్క లేదు, మెల్లగా మాట్లాడే రేడియోకి మందుచుక్కల్లా కొలత!

కారణం అడిగితే దేశ భద్రత అంటారు, అన్ని స్టేషన్ల మీద కన్నేసి ఉంచడం కష్టమంటారు. భయం అబద్ధాల గురించే అయితే ముందు వాట్సాప్ మూతపడాలి. అబద్ధాన్ని మన ప్రభుత్వాలు భరించగలవు, ఎంత గోలనైనా భరించగలవు. చదువు రానివాడికి కూడా, పొలం గట్టు మీద, ఆటో స్టాండులో, వాడి యాసలో, చవగ్గా చేరిపోయే "ఎందుకు" అన్న ప్రశ్నే వాళ్లకు గొంతు దిగదు. అయినా ఎఫ్ఎంలో ప్రశ్నలు లేవని ఎవరన్నారు? ఆర్జే పొద్దున్నుంచీ అడుగుతూనే ఉన్నాడు: "హలో, ఎవరండీ లైన్లో? టిఫిన్ చేశారా? ఈ పాట ఎవరికి డెడికేట్ చేద్దాం?"