పెన్న యొడ్డు మేస్త్రి: టీకా తాత్పర్య సహితం

మట్టి తవ్వి రాయి మరియొక చోటుంచి
గోడ కట్టి యిల్లు కూల్చి మురియు
గెలుపు లేని యాట గిరిగీచి యాడెడు
పెన్న యొడ్డు వాడు పెద్ద మేస్త్రి

అవతారిక. ఎండాకాలం సెలవుల్లో కోవూరు పిల్లకాయల్ని కనిపెట్టి చెప్పిన ఆటవెలది ఇది. వస్తువు మైన్‌క్రాఫ్ట్. అదీ ఇప్పటి ఆట కాదు, ‘క్లాసిక్’ అని పేరుపడ్డ తొలిరూపు. కర్త స్వీడన్ దేశస్థుడు మార్కస్ పెర్సన్. 2009 మే నెలలో జావాలో రాయడం మొదలుపెట్టి, ముందు ‘కేవ్ గేమ్’ అని పిలుచుకుని, వారం తిరిగేసరికి, 17వ తేదీన, జనం చేతిలో పెట్టాడు. భారతం తెలుగు కావడానికి మూడు శతాబ్దాలు పట్టిందని తెలిసిన తిక్కన సీమవాళ్ళం, ఈ తొందరకు కాస్త ముక్కున వేలేసుకోవచ్చు.

ప్రతిపదార్థం. మట్టి తవ్వి = మౌసు నొక్కి ఒక్కో బ్లాకునూ పెరికి; రాయి = రాతి బ్లాకును; మరియొక చోటుంచి = తనకు తోచిన చోట అతికించి; గోడ కట్టి = సిమెంటు, తాపీ, తూకపుగుండు ఏవీ లేకుండా గోడ లేపి; యిల్లు కూల్చి మురియు = (దీనికి అర్థం చెప్పనక్కర్లేదు, పిల్లలున్న ఇంట్లో అందరికీ తెలుసు); గిరిగీచి = మామూలు లోకం పొడవు 256, వెడల్పు 256, ఎత్తు 64 బ్లాకులు, అనగా 41,94,304 గళ్ళు, అది దాటి పోరాదని హద్దు పెట్టుకుని; పెద్ద మేస్త్రి = అడ్వాన్సు అడగనివాడు.

తాత్పర్యం. స్పష్టము.

వ్యాఖ్య. ఈ పద్యానికి ప్రాణం ‘గెలుపు లేని’ అన్న విశేషణం. ఇక్కడ పూర్వపక్షి లేచి, గెలుపోటములు లేనిది ఆట ఎలా అవుతుందంటాడు. న్యాయమైన ప్రశ్నే. అదే ఏడాది జాకరీ బార్త్ అనే అమెరికా యువకుడు ‘ఇన్ఫినీమైనర్’ చేశాడు. జట్లుగా చీలి, గనులు తవ్వి, పాయింట్లు కూడబెట్టాలని దాని నియమం. ఆడేవాళ్ళు పాయింట్ల సంగతి గాలికొదిలి ఇళ్ళు కట్టుకోసాగారు. ఈలోగా దాని కోడు బయటపడింది; బార్త్ ఆ ఆటను అంతటితో వదిలేశాడు. ఆ ఆటను చూసిన పెర్సన్ బ్లాకుల్ని ఉంచుకుని, పందేన్ని పక్కన పెట్టాడు. నా లెక్కలో ఆయన చేసిన అసలు పని ఈ తీసివేతే.

అవ్వకూ మనవడికీ జరిగిన సంవాదం ఇక్కడ ఉదాహరణ. “ఏంది నాయనా, పొద్దస్తమానం దాంట్లో తవ్వతా ఉండావు?” “ఇల్లు కడతా ఉండా అవ్వా.” “ఎవురికి?” “ఊరికే.”

తర్వాతి కథ క్లుప్తం. ఆ సెప్టెంబరుకే ప్రాణగండంతో ఆడే రూపు వచ్చింది. పంది బొమ్మ గీయబోయి పొడవు, ఎత్తు తారుమారైతే పుట్టిన క్రీపర్ అనే పచ్చభూతం అందులోదే. 2011 నవంబరు 18న ఆట పూర్తయిందన్నారు. 2014లో మైక్రోసాఫ్ట్ కంపెనీ 250 కోట్ల డాలర్లకు దాన్ని కొనుక్కుంది. ఇదంతా మూలం మీద పేరుకున్న వ్యాఖ్యానాలని నా అభిప్రాయం. వ్యాఖ్యాతగా ఈ మాట అనకూడదు, సరే. పదేళ్ళ పండుగకు, 2019 మేలో, క్లాసిక్‌ను 32 రకాల బ్లాకులతో, పాత తప్పులు దిద్దకుండా, బ్రౌజర్లో ఉచితంగా ఆడుకొమ్మని మళ్ళీ వదిలారు. పరిష్కర్తలు ఇంత నిగ్రహం చూపడం అరుదు.

ఇక ‘పెన్న యొడ్డు’ ఎందుకన్నట్టు? ఆ ఆటలో రాయి, మట్టి ఆధారం లేకపోయినా గాల్లోనే నిలుస్తాయి. ఇసుక మాత్రం కింది బ్లాకు తీయగానే దభీమని పడుతుంది. ఇసుక స్వభావం పెన్న పక్కవాడికి ఒకరు చెప్పాలా? నీళ్ళ దగ్గరే చిక్కు. గట్టున ఒక్క బ్లాకు పెరికితే నీళ్ళు పల్లమంతా పరుచుకుంటూ పోతాయి. వచ్చిన చోట చుక్క తగ్గవు, మట్టిని కొయ్యవు. మన పెన్న అలాంటిది కాదు. 2021 నవంబరు వరదలో కోవూరు పక్కనే పడుగుపాడు దగ్గర రైలుకట్ట కోసుకుపోయి, విజయవాడ–చెన్నై దారిలో బళ్ళు నిలిచిపోయాయి. క్లాసిక్‌లో ఇంతటి గండానికీ ఒక్క స్పాంజి బ్లాకు పెడితే చుట్టుపక్కల నీళ్ళు మాయం. ఈ బ్లాకు ఇరిగేషను వారి స్టోరులో ఉన్నట్టు ఏ శాస్త్రంలోనూ ప్రమాణం దొరకలేదు.