ఫ్రిజ్ తలుపు చీటీ: టీకా తాత్పర్య సహితం

మూలం:

అన్నా, కారులో అది ఉంది. చంపకు, మంచిదంట. నేను ట్రైనుకు పోతున్నా. బూట్లు దులిపి వేసుకో.

అవతారిక: సిడ్నీకి ఉత్తరాన, అడవిని ఆనుకుని ఉండే హార్న్స్‌బీలో కొందరు తెలుగు కుర్రాళ్లు కలిసి అద్దెకుంటున్న ఇంట్లో ఈ గ్రంథం లభించింది. రచనాకాలం జనవరి, అంటే అక్కడ నడివేసవి. కర్త పల్నాటి పిల్లవాడు, మాస్టర్స్ చదవడానికి కొత్తగా వచ్చినవాడు. ఛందస్సు లేదు. పరుగు మీదున్నవాడు గణాలు చూసుకోడు. కాళిదాసుకు వ్యాఖ్య రాసిన కోలాచల మల్లినాథసూరి మన మెదక్ సీమవాడంటారు. ఆధారం లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన ముందే మాటిచ్చాడు. ప్రస్తుత వ్యాఖ్యాత మొదటి మాటకు కట్టుబడతాడు. రెండో దానికి పూచీ లేదు.

అన్నా: సంబోధన. ఆపదలో తమ్ముడు అన్నను తలుచుకున్నాడని పైకి తోచే అర్థం. కారు అన్న పేరు మీదే ఉంది కనుక అందులో ఉన్నది కూడా అన్నదే అని గూఢార్థం. రెండోదే సాధువు.

కారులో: సప్తమీ విభక్తి. కారులో ఎక్కడ అన్నది కవి చెప్పలేదు. కావ్యమంతా ఈ మౌనం మీదే నిలబడింది. డాష్‌బోర్డు సందు అని కొందరు, డోరు రబ్బరు కింద అని కొందరు. ఎండకు దించుకునే సన్‌వైజర్ వెనుక అన్నదే సంప్రదాయార్థం. చెప్పబడుతున్న ప్రాణి హంట్స్‌మన్ అనే సాలెపురుగు. కాళ్లు చాపితే పెద్దవి 15 సెంటీమీటర్ల దాకా ఉంటాయి. చెట్ల బెరడు కింద దూరి బతికే జాతి కాబట్టి ఒళ్లు పలచగా అణిగి ఉంటుంది, కాళ్లు పీతకు మల్లే పక్కలకు తిరిగి ఉంటాయి. యూకలిప్టస్ బెరడైతేనేం, జపాన్ కారు సన్‌వైజర్ అయితేనేం, దానికి కావలసింది ఇరుకూ చీకటీ. సాయంత్రం పని నుంచి వస్తూ ఎదురెండకు వైజర్ దించితే ముందు రెండు కాళ్లే బయటికొస్తాయి. గోధుమరంగు, సన్నటి నూగు, ఆగి ఆగి తడుముకోవడం. ఆ తర్వాత తక్కినదంతా ఒక్కసారిగా ఒళ్లో ఉంటుంది. అది కరవడం అరుదు, కరిచినా కాసేపు నొప్పి. ప్రమాదమంతా ఆ క్షణాన స్టీరింగు వదిలేసే చేతులతోనే. ఇక్కడ రసం భయానకమా, అద్భుతమా అని అడిగితే, వెనక వస్తున్న లారీని బట్టి చెప్పాలి.

అది: సర్వనామం, నపుంసకం. చీటీ ప్రతి కాక వాట్సాప్ ప్రతి కూడా ఒకటి ఉంది. అందులో ఈ పదం స్థానంలో ఎనిమిది కాళ్ల బొమ్మ కనిపిస్తుంది. చీటీ పాఠమే గ్రాహ్యం. ఏలయనగా, మన పల్లెల్లో పొద్దుగూకాక పామును పామనరు, పురుగంటారు. పేరెత్తితే పిలిచినట్టేనని భయం. ఆ మర్యాదను కవి సముద్రం దాటించి తెచ్చాడు. ఆస్ట్రేలియా వాళ్లది దీనికి సరిగ్గా తిరగేసిన సంప్రదాయం. హాల్లో గోడెక్కి కూర్చున్నదానికి బ్రూస్ అనో షీలా అనో పేరు పెట్టి, ఇంటికొచ్చినవాళ్లకు పరిచయం చేసే గృహస్థులు అక్కడ ఉన్నారు.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. "మండ్రగబ్బను చెప్పు కింద నలిపినవాడు, జెర్రిని పొరకతో ఊడ్చినవాడు, కాటు లేని సాలెపురుగుకు కారు వదిలి పారిపోవడమేమిటయ్యా?"

సమాధానం. ఊళ్లో దేనికి భయపడాలో, దేన్ని పట్టించుకోనక్కర్లేదో చెప్పడానికి నాయనమ్మ ఉంటుంది. తేలు కట్టెల కింద ఉంటుందనీ, జెర్రి తడి ఉన్నచోట తిరుగుతుందనీ, బల్లి మీద పడితే ఏం చేయాలనీ ఆవిడ దగ్గర పూర్తి పంచాంగం ఉంటుంది. హార్న్స్‌బీలో ఆ పంచాంగం లేదు. ఇంకొక సంగతి. హంట్స్‌మన్ దాయాది ఒకటి మన ఇళ్లలోనూ ఉంది. రాత్రిపూట గోడనంటుకుని బొద్దింక కోసం కాచుకునే ఆ పెద్ద సాలెపురుగు అదే వంశం. దాన్ని చూసి ఏ పల్నాటివాడూ ఇల్లు విడిచి పోలేదు. ఇల్లు తనది కాబట్టి పోవలసింది అదేనని వాడి ధైర్యం. అద్దె అగ్రిమెంటు మీద సంతకం పెట్టి అడుగుపెట్టిన ఇంట్లో ఆ ధైర్యం రాదు. అక్కడ పాతకాపు పురుగు, కొత్తగా దిగినది మనం. ఇది ఈ వ్యాఖ్యాత సొంత సిద్ధాంతం. పూర్వ వ్యాఖ్యాతలు దీన్ని వదిలేశారు.

చంపకు: నిషేధార్థక క్రియ. సాధనం చేతికందే దూరంలో ఉన్నప్పుడే నిషేధానికి విలువ. వాషింగ్ మెషీన్ పై అరలో మోర్టీన్ డబ్బా ఉంది. మనింట్లో దోమల చుట్టగా వెలిగే మోర్టీన్‌కు పుట్టిల్లు ఆస్ట్రేలియాయే. 1870లలో అక్కడ స్థిరపడ్డ ఒక జర్మన్ వలసదారు పురుగుల పొడిగా మొదలుపెట్టాడు. వలసవచ్చినవాడికి ఆ దేశంలో మొదట తోచిన వ్యాపారం ఏమిటో చూడండి.

మంచిదంట: మంచిది + అంట. ఆ "అంట"లో కవి నిజాయితీ ఉంది. తనకు నమ్మకం కుదరలేదు, విన్నమాట చెబుతున్నాడు. చెప్పింది పక్కింటి పెద్దావిడ అని ఊహ్యం. ఐస్‌క్రీం డబ్బా బోర్లించి, కిందికి అట్టముక్క తోసి, తోటలో వదిలి రావడం ఆవిడ విద్య. మంచిది ఎందుకంటే బొద్దింకల్ని తింటుంది. గూడు అల్లి కూర్చోదు, వెంటాడి పట్టుకుంటుంది. తల్లి పురుగు గుడ్లసంచి పెట్టాక మూడు వారాల పాటు తిండి మానేసి దాన్నే కాచుకుని ఉంటుంది. అంతమాత్రాన మంచితనం సాలెపురుగు జాతికంతటికీ అన్వయించరాదు. సాలెపురుగులు ఏమీ చేయవని బ్రిటిష్ పిల్లలకు ధైర్యం చెప్పిన పెప్పా పిగ్ కార్టూన్ కథ ఒకదాన్ని, ఈ దేశానికి తగదని ఆస్ట్రేలియా టీవీ సంస్థ ఏబీసీ 2012లో పక్కన పెట్టేసింది. ఇక్కడ "మంచిది" ఆ కారులో ఉన్న దాని వరకే.

నేను ట్రైనుకు పోతున్నా: స్పష్టం.

బూట్లు దులిపి వేసుకో: వాక్యాలన్నిటిలోకీ ప్రాణం ఇదే. కవి దీన్ని చివర దాచాడు. ఇక్కడ భయం హంట్స్‌మన్ గురించి కాదు, ఫన్నెల్‌వెబ్ అనే ఇంకో సాలెపురుగు గురించి. సిడ్నీ చుట్టూ సుమారు 160 కిలోమీటర్ల మేరలోనే దాని కాపురం. నల్లగా, నున్నగా, హంట్స్‌మన్ పక్కన చూస్తే చిన్నదే. ఆడది నేలలో గరాటు మూతి బొరియలో ఉండిపోతుంది. మగది ఎండాకాలం రాత్రుళ్లు, వాన కురిసి తేమగా ఉన్నప్పుడు, ఆడదాన్ని వెతుకుతూ తిరిగి, తెల్లారేసరికి ఎక్కడ తడి నీడ దొరికితే అక్కడ ఆగుతుంది. వాకిట్లో విడిచిన బూటూ, నేల మీద పడేసిన తువ్వాలూ దానికి సత్రాలు. ఆడదానికంటే మగదాని విషమే ఘాటు. మనిషికీ కోతికీ ఈ విషం ప్రాణాంతకం, కుక్కకూ పిల్లికీ అంత పట్టదు. 13 మరణాలు నమోదయ్యాక, 1981లో స్ట్రువాన్ సదర్లాండ్ బృందం మెల్‌బోర్న్‌లో తయారుచేసిన విరుగుడు వాడుకలోకి వచ్చింది. ఆనాటి నుంచి ధ్రువపడిన మరణం ఒక్కటీ లేదు. ఆ విరుగుడు కుందేళ్ల రక్తం నుంచి తీస్తారు. పైర్లు తినేస్తున్నాయని ఆ దేశం తరిమి తరిమి చంపే కుందేళ్లే ఇవి. విషం కోసం మగ ఫన్నెల్‌వెబ్‌లను జాగ్రత్తగా సీసాలో పట్టి ఇమ్మని సోమర్స్‌బీలోని ఆస్ట్రేలియన్ రెప్టైల్ పార్క్ జనాన్ని అడుగుతుంటుంది, జనం తెచ్చి ఇస్తుంటారు కూడా.

వీపు మీద ఎర్ర చారతో పోస్టు డబ్బాల్లో, తోట కుర్చీల కింద ఉండే రెడ్‌బ్యాక్ సాలెపురుగు ప్రస్తావన మూలంలో లేదు. దానికి 1956 నుంచే విరుగుడు ఉంది.

తాత్పర్యం: పెద్దది కనబడితే కారు తలుపులు తీసిపెట్టి, సాయంత్రం దాకా దాని మానాన దాన్ని వదిలేయాలి. చిన్నది కనబడదు కనుక దాని కోసం బూటు దులపాలి.

సిడ్నీకి కొత్తగా వెళ్లే పిల్లలకు, వాళ్లను ఎయిర్‌పోర్టులో దించి వచ్చే తల్లిదండ్రులకు ఒక్క మాట. నల్లటి పెద్ద సాలెపురుగు కరిస్తే ఏ జాతో తేల్చుకుంటూ కూర్చోవద్దు. ఫన్నెల్‌వెబ్ అనుకునే, పాము కాటుకు కట్టినట్టు కాలో చెయ్యో మొత్తానికి గట్టిగా బ్యాండేజీ చుట్టి, కదపకుండా ఉంచి, 000 కు ఫోన్ చేయండి. ఎర్ర చార స్పష్టంగా కనిపిస్తే అది రెడ్‌బ్యాక్, దానికి కట్టు వద్దు, ఐసు పెట్టి ఆస్పత్రికి వెళ్లండి. బూట్లు రాత్రిపూట ఇంట్లోనే పెట్టుకోండి.