కార్చిచ్చుకు స్టాప్‌వాచ్

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో కార్చిచ్చుకు మహా సమయపాలన. 11 నిమిషాల్లో పరుగు ముగించినవాళ్ల చేతిలోనే ఆరుతుంది. ఓ నిమిషం ఆలస్యమైతే మొహం తిప్పేసుకుంటుంది. 1994లో అక్కడి సర్కారు వారి నమ్మకం ఇదే కాబోలు.

టానీ మెయోరిన్ అనే ఆవిడ అప్పటికే మూడేళ్లుగా అడవి మంటలార్పే బృందంలో ఉంది. ఆవిడ పనికి వంక పెట్టినవాళ్లు లేరు. ఇంతలో కొత్త పరీక్ష వచ్చిపడింది: 2.5 కిలోమీటర్లు 11 నిమిషాల్లో పరుగెత్తాలట. మిగతా పరీక్షలన్నీ నెగ్గింది. పరుగు మాత్రం, నాలుగుసార్లు ప్రయత్నించినా, 11 నిమిషాల 49.4 సెకన్ల దగ్గరే ఆగింది. ఆ 49.4 సెకన్లకు ఉద్యోగం ఊడింది. (దశాంశం దాకా కొలిచారండోయ్, ఎంత శ్రద్ధో!) మూడేళ్లు ఆర్పిన మంటలు మాత్రం ఏ లెక్కలోకీ రాలేదు.

కేసు సుప్రీంకోర్టుకెక్కింది. తొలిసారి పరుగెత్తినవాళ్లలో మగవాళ్లు 65 నుంచి 70 శాతం దాకా గట్టెక్కితే, ఆడవాళ్లు 35 శాతమేనని తేలింది. 'అయితే ప్రమాణాలు తగ్గించేసి జనాన్ని కాల్చుకుందామా?' అని ఇలాంటప్పుడు లేచే గొంతులకు ఎక్కడా కొదవుండదు. కోర్టు తగ్గించమనలేదు. ఆ పరుగుకూ ఆ మంటకూ ఉన్న చుట్టరికమేమిటో చూపించమంది, అంతే. సర్కారు దగ్గర గడియారం ఉంది గానీ రుజువు లేదు.

1999 సెప్టెంబర్‌లో న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆవిడకు కొలువు తిరిగిచ్చి, పోయిన జీతం కూడా కట్టమన్నారు.