ఎల్‌డీఎల్ బాబాయి

ప్రతి కాలనీలోనూ ఒక ఎల్‌డీఎల్ బాబాయి ఉంటాడు. రిటైరై రెండేళ్లయి ఉంటుంది. చొక్కా జేబులో నాలుగు మడతల లిపిడ్ ప్రొఫైల్ కాగితం ఉంటుంది. "బాగున్నారా బాబాయ్‌గారూ?" అని అడిగితే బాగున్నాననో లేదనో చెప్పడు. "168" అంటాడు. అది ఆయన ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్. వంద లోపుంటే మంచిది, 160 దాటితే ఎక్కువే. అయినా ఆ అంకె చెప్పేటప్పుడు ఆయన గొంతులో దిగులుండదు, మనవడి ఎంసెట్ ర్యాంకు చెబుతున్న ధీమా ఉంటుంది.

రిపోర్టు వచ్చిన సాయంత్రమే త్యాగాలు మొదలుపెట్టాడు. గుడ్డులో పచ్చసొన మానేశాడు. దాని వాసన ఆయనకు చిన్నప్పటినుంచీ పడదు. రొయ్యలు మానేశాడు, తింటే దద్దుర్లు వస్తాయి. పిజ్జా జన్మలో ముట్టనన్నాడు. అంతకుముందూ ముట్టింది లేదు. పప్పులో నెయ్యి, గుత్తివంకాయ మీద తేలే నూనె, సంక్రాంతి అరిసెలు మాత్రం "మన తాతలు తినలేదూ?" అనే చట్టం కింద మినహాయింపు పొందాయి. ఆ తాతలు రోజూ పొలానికి ఎన్ని మైళ్లు నడిచారన్నది చట్టంలో లేదు.

ఒక గుడ్డు సొనలో 190 మిల్లీగ్రాముల దాకా కొలెస్ట్రాల్ ఉండేమాట నిజమే. కానీ మన ఒంట్లో తిరిగేదాంట్లో ఎక్కువ భాగం కాలేయం తయారుచేసుకునేదే. రక్తంలోని ఎల్‌డీఎల్‌ను కాలేయం లాగేసుకునే పనికి అడ్డం పడేది ముఖ్యంగా సంతృప్త కొవ్వు. అది నెయ్యిలో, పామాయిల్‌లో, కొవ్వున్న మాంసంలో దండిగా ఉంటుంది. అమెరికా ప్రభుత్వ 2015-2020 ఆహార సూచనల్లో రోజుకు 300 మిల్లీగ్రాముల కొలెస్ట్రాల్ పరిమితిని తీసేశారని వాట్సాప్‌లో తెలియగానే బాబాయి సంచి పట్టుకుని మటన్ కొట్టుకు బయల్దేరాడు. సంతృప్త కొవ్వు రోజు మొత్తం కేలరీల్లో పది శాతం లోపే ఉండాలని అదే సూచనల్లో ఉన్న మాట ఆయనకెవరూ ఫార్వర్డ్ చేయలేదు.

నూనె కొనడంలో ఆయన మహా నిక్కచ్చి. ప్యాకెట్ మీద "కొలెస్ట్రాల్ లేదు" అని ఉండాల్సిందే. కొలెస్ట్రాల్ ఉండేది మాంసం, గుడ్డు, పాల వంటి వాటిలో. వేరుశనగ నూనెలో అది ఏనాడూ లేదు. పామాయిల్‌లోనూ లేదు, కానీ అందులో దాదాపు సగం సంతృప్త కొవ్వే. అచ్చువేసినవాడు అబద్ధమాడలేదు, బాబాయే ఆ ముక్క చదివి తాలింపులో ఇంకో గరిటె పోయించాడు.

పొద్దున్నే పార్కులో నాలుగు రౌండ్లు, గేటు దగ్గర బూడిద గుమ్మడికాయ రసం. ఆ పక్కనే మైసూర్ బజ్జీ బండి. బీపీ ఉన్న స్నేహితుడితో కలిసి సగం ప్లేటే తింటాడు. తర్వాత స్నేహితుడు చెప్పిన ప్లేటులోనూ సగమే తింటాడు.

ఇక ఓట్స్. అందులోని బీటా గ్లూకాన్ అనే పీచు పేగుల్లో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి పంపేస్తుంది. కొత్త పైత్యరసం కోసం కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌నే వాడుకోవాలి. రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ అందితే ఎల్‌డీఎల్ కొంత దిగుతుంది. బాబాయి దృష్టిలో ఓట్స్ మందు. మందు వేసుకున్నాక టిఫిన్ తినాలి కాబట్టి, ఆపైన నెయ్యి కారం దోసె.

కొలెస్ట్రాల్ తగ్గడానికి డాక్టరు రాసిన స్టాటిన్ మాత్ర దగ్గర మాత్రం "కెమికల్స్ మనకొద్దు" అంటాడు. జపాన్‌లో అకిరా ఎండో 1973లో తొలి స్టాటిన్‌ను పట్టుకున్నది బూజులోంచి. ఆ బూజు దొరికింది క్యోటోలో ఒక కొట్టు బియ్యం మీద. అన్నం మానమంటే ఒప్పుకోని మనిషికి ఈ చుట్టరికం ఎవరైనా చెప్పాలి.

చెప్పకుండానే చేసి చూపించింది పిన్ని. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 సూచనల్లో, 2000 కేలరీల భోజనానికి నూనె, నెయ్యి కలిపి రోజుకు 27 గ్రాములు చాలంది. ఆ లెక్కన ఇద్దరికి నెలకు రెండు లీటర్లు కూడా పట్టదు. వాళ్లింటికి వచ్చేది అయిదు లీటర్ల డబ్బా. పిన్ని డబ్బా మాన్పించి లీటరు ప్యాకెట్లు తెప్పించింది, గరిటె తీసి చెంచా పెట్టింది. బెండకాయ వేపుడు పులుసైంది. వారానికి రెండుసార్లు గోరుచిక్కుడు వండింది. గ్వార్ గమ్ అనే జిగురు పీచు ఆ మొక్క గింజల్లోదే. రాత్రి మాత్ర, మంచినీళ్లు చేతికిచ్చి, "ఏమండీ, వేసుకోండి" అని ఎదురుగా నిలబడింది.

మూడు నెలలకు రిపోర్టులో 112 వచ్చింది. బాబాయి ఇప్పుడు పార్కులో కొత్తవాళ్లందరికీ బూడిద గుమ్మడికాయ రసం తాగమని చెబుతున్నాడు. మీకూ అలాంటి బాబాయి ఎదురైతే వినండి, పెద్దాయన కదా. తర్వాత వాళ్లింటికి వెళ్లి, నెలకు నూనె ఎంత కొంటున్నారో పిన్నిని అడగండి.