అడుగున ఎవరి పేరు?

రెండు రోజుల వర్క్‌షాపుకు పోయొచ్చి, నాలుగు వంకర కప్పులు చేసి, ‘సిరామిక్ ఆర్టిస్టు’ అని కార్డు అచ్చు వేయించుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మా రోజుల్లో బస్తర్‌లోని మద్దేడులో కుమ్మరింటి పిల్లవాడు సారె ముట్టుకోవాలంటే ముందు మట్టి తొక్కాలి. చెరువు మట్టిలో ఇసుక కలిపి, నీళ్లు చల్లి, మడమతో గుండ్రంగా తొక్కుతూ పోతుంటే రాయి కాలికి తగలాలి. తగిలిన రాయి ఏరి పారేయాలి. తెలియకుండా ఒక్క సున్నపురాయి పలుకు లోపల ఉండిపోయినా, కాలిన తర్వాత తడి తగిలి ఉబ్బి, కుండను పెచ్చు లేపుతుంది. ఆ తొక్కుడు ఎప్పటికి చాలో చెప్పేది మా బాపే గానీ మేం కాదు.

ఊరికి మేం కావాల్సి వచ్చేది. ఎండాకాలం రంజన్లు, కూర వండే చట్లు, పాలు కాచే గురుగులు, తాళ్లెక్కేవాళ్లకు కల్లు లొట్లు, ఇప్పసారా కాచే బానలు. తెలుగువాళ్లు, దొర్లలు, గోండులు అంతా అంగడికి వచ్చి, కుండను వేలి కణుపుతో కొట్టి, మోత విని కొనేవాళ్లు. పెళ్లంటే ఐరేని కుండలు మా ఇంటి నుంచే మేళతాళాలతో పోయేవి. సున్నం పూసి, జాజుతో గీతలు పెట్టేది మా అవ్వ. పంట కోతకు వచ్చినప్పుడు మా వాటా గింజలు మాకు వచ్చేవి. ఇప్పుడు? ప్లాస్టిక్ బిందె, స్టీలు గిన్నె, ఫ్రిజ్జు. హైదరాబాద్ నుంచి 163వ నంబరు జాతీయ రహదారి భూపాలపట్నం దాకా వచ్చింది. దాని మీద లారీల్లో అన్నీ దిగుతున్నాయి, మా పిల్లలు మాత్రం అదే దారిలో గోదావరి దాటి మిరప తోటల్లో కాయ ఏరడానికి పోతున్నారు.

పోయేది కుండ ఒక్కటే అయితే ఇంత బాధ పడను. దాని వెనకున్న చెయ్యి పోతోంది. సారె మీద తీసినప్పుడు మన కుండకు అడుగే ఉండదన్న సంగతి ఈ కార్డులవాళ్లకు ఎందరికి తెలుసు? అంచు, మెడ కుదురుగా వస్తాయి, కింద మాత్రం నోరు తెరుచుకునే ఉంటుంది. నీడన పెట్టి, తడి కొంచెం లాగాక, లోపల గుండ్రాయి ఆనించి బయట చెక్కతో తడుతూ పోవాలి. దెబ్బదెబ్బకూ గోడ పలచబడుతూ, అడుగు మూసుకుంటూ వస్తుంది. రాయి ఎక్కడుందో కంటికి కనబడదు. చెక్క సరిగ్గా దానికి ఎదురుగా పడితే నిండుగా పలుకుతుంది, పక్కన పడితే బోలుగా మోగుతుంది. మా బాపు అటు తిరిగి బీడీ కాలుస్తూనే, ఎవరి దెబ్బ పక్కకు పోయిందో చప్పుడును బట్టి చెప్పేవాడు. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అన్నారు. పగలగొట్టడానికి పట్టే సేపే నేర్చుకోవడానికీ చాలునని ఇప్పటివాళ్లు అనుకుంటున్నారు.

పట్నంలోని స్టూడియోల పనిని తక్కువ చేసి మాట్లాడను. వయసులో ఉన్నప్పుడు ఒక పెద్ద నగరంలో ఓ స్టూడియోలో మట్టి పిసకడానికి కుదిరి, అక్కడే చాలా ఏళ్లు ఉన్నాను. స్టోన్‌వేర్ అంటే ఏమిటో అక్కడే చూశాను. కుండలు కాల్చే మా ఆవంలో 700, 800 డిగ్రీల వేడి ఉంటుందేమో. ఆ కుండ చెమరుస్తుంది, అందుకే నీళ్లు చల్లగా ఉంటాయి. స్టోన్‌వేర్ కొలిమి 1,250 డిగ్రీలు దాటాలి. అప్పుడు మట్టి లోపల కొంత కరిగి, రాయిలా బిగుసుకుని, చుక్క నీరు కూడా జారనివ్వదు. చల్లారేటప్పుడు 573 డిగ్రీల దగ్గర మట్టిలోని పలుగురాయి గుణం మారి సైజు తగ్గుతుంది. ఆ గండం దగ్గర తొందరపడి తలుపు తీస్తే నెల రోజుల పని పెళుక్కుమంటుంది. కట్టె బూడిదలో ఫెల్డ్‌స్పార్, పలుగుపిండి కలిపి పూస్తే అది కొలిమిలో కరిగి గాజుపూత అవుతుంది. చూపురంధ్రంలోంచి, వేడిని చూపే శంకువు వంగుతుందా లేదా అని రాత్రంతా కాపలా కాసేవాళ్లం. ఆ పనికి చేతులెత్తి దండం పెడతాను. ఒక్కో కప్పు వెయ్యి రూపాయలంటే కొందరు నోరు వెళ్లబెడతారు గానీ నేను కాదు. ఒక్క కాల్పు చెడితే ఎంత పోతుందో, గ్యాలరీవాడు ఎంత పట్టుకుంటాడో నాకు తెలుసు.

నా కోపం పేరు దగ్గర. ఆ స్టూడియోలో సారె మీద కూర్చుని పెద్ద జాడీలు లాగింది మేము, నా లాంటి కుమ్మరి పిల్లలం. ఆరాక అడుగు చెక్కి శుభ్రం చేసింది మేము. ఆ అడుగున సంతకం మాత్రం మరొకరిది. ప్రదర్శన రోజున మమ్మల్ని వెనక గదిలో డబ్బాలు విప్పమన్నారు. కూలి ఇచ్చారు, కాదనను. కానీ చేసినవాడు ఎవరని కొనేవాడు అడిగితే నిజం చెప్పాలి కదా!

పేరు లేకపోవడం చిన్నతనమేమీ కాదు. జపాన్ కుమ్మరి, హమాదా షోజి అనే మహానుభావుడు 1920లో బెర్నార్డ్ లీచ్ అనే తోటి కుమ్మరితో కలిసి ఇంగ్లండ్‌లోని సెయింట్ ఐవ్స్‌లో కుండల శాల పెట్టాడు. స్వదేశానికి తిరిగి వెళ్లాక కుండ మీద సంతకమే మానేశాడు. 1955లో ఆయన దేశం ఆయన్ను జాతి సజీవ సంపదగా గౌరవించింది. తన పేరు తానే వదులుకోవడం ఒక ఎత్తు. ఒకడి పేరు ఇంకొకడు చెరిపేయడం వేరే సంగతి.

మన దేశంలో సరైన దారిలో నేర్పినవాళ్లూ ఉన్నారు. అమెరికా నుంచి వచ్చిన రే మీకర్, డెబొరా స్మిత్ 1971లో పుదుచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పెట్టి, ఒక తరం స్టూడియో కళాకారులను తయారుచేశారు. రే మీకర్ అయితే మట్టి ఇల్లు కట్టి, ఆ ఇంటినే కొలిమి చేసి లోపల మంట పెట్టి కాల్చాడు. మంటను చదివినవాడు కాబట్టే ఆ తెగింపు! ఇప్పటి పిల్లలు కరెంటు కొలిమి మీట నొక్కి నిద్రపోతున్నారు. పొద్దున రంగు తేడా వస్తే ఎందుకొచ్చిందో చెప్పలేరు.

ఇంకొకటి కూడా నన్ను కుదురుగా కూర్చోనివ్వదు. ఆ స్టూడియోల మట్టిలో మన తెలుగు నేలే ఉంది. ద్వారకా తిరుమల బాల్ క్లే, గూడూరు వైపు ఫెల్డ్‌స్పార్ ఎంత దూరమో పోతాయి. గూడూరులో సిరామిక్ టెక్నాలజీ చదువు కూడా ఉంది. ఆ మట్టీ, ఆ చదువూ కుమ్మరి వాకిట్లోకి మాత్రం రావు. ఖాదీ కమిషన్ 2018 నుంచి కుమ్మరులకు కరెంటు సారెలు ఇస్తోంది, మంచిదే. కానీ సారె ఎంత వేగంగా తిరిగినా ఆవం పాతదే అయితే కుండ పాత కుండే. మా బస్తర్‌లోనే కొండగావ్ కుమ్మరి అశోక్ చక్రధారి, తగ్గిన నూనెను తానే నింపుకునే ప్రమిద చేస్తే, 2020 దీపావళికి దేశమంతా ఆశ్చర్యపోయింది. తెలివి లేదని ఎవరంటారు? లేనిది కొలిమి, గాజుపూత నేర్పేవాడు.

మద్దేడులోనో భూపాలపట్నంలోనో పది ఇళ్లకు ఒకటిగా స్టోన్‌వేర్ కొలిమి కట్టండి. పట్నం స్టూడియోల బిడ్డలు ఎండాకాలం ఇటు వచ్చి, గాజుపూత లెక్కలు మావాళ్లకు చెప్పనీ. గుండ్రాయీ చెక్కా పట్టి అడుగు మూయడం నేను నేర్పుతాను, ఫీజు అక్కర్లేదు. ఒక్కటే షరతు: మొదటి నెల మట్టి తొక్కాలి.